డొల్ల ఎక్కడ పలికింది

కరీంనగర్‌లో మేం కొనుక్కున్న పాత ఇంటికి ఈ మధ్య కొత్త టైల్స్ వేయించాం. పని ముగిసిన రోజు మేస్త్రీ మోకాళ్ల మీద వంగి, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, ఒక్కో టైల్‌నూ తడుతూ గది ఈ చివర నుంచి ఆ చివరకు పోతున్నాడు. టక్, టక్, టక్. వంటగది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి శబ్దం మారింది. దబ్‌మంది. అతను ఆగి, ఆ టైల్ మీద పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టాడు.

"గిది డొల్ల పలుకుతుంది మేడం. కింద సిమెంట్ పట్టలే. తీసి మళ్ల ఏస్త," అన్నాడు.

నేను టీ గ్లాసుతో అక్కడే నిలబడిపోయాను. నాకు తెలియకుండానే నా ఎడమచేయి కుడిచేతి గాజుల్ని గట్టిగా పట్టుకుంది. వాటి చప్పుడు ఆగిపోయాక గాని నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు. ఎవరైనా ఏదైనా తట్టి వింటుంటే గాజులు కదలకూడదని నాకు నేర్పినాయన ఒకరున్నారు. ఆయన చెవి చెడిపోయిందని పదిమందీ అంటుంటే, పక్కనే ఉండి నోరు విప్పని మనిషిని కూడా నేనే. అందుకే ఆ మేస్త్రీ "మేడం, టీ చల్లారుతుంది" అన్నా నాకు వినపడలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా మా వర్క్‌షాపులో సగం మందికి అదెవరో తెలియదు. అందరికీ ఆయన సర్దార్. పంజాబ్ నుంచి కొత్తగా చేరిన ఒక ఇంజనీరు "సర్దార్‌జీని కలవమన్నారు" అంటూ తలపాగా కోసం షెడ్డంతా వెతికాడు. చివరికి బట్టతల నిమురుకుంటూ కూర్చున్న ఈయన ముందుకొచ్చి తెల్లబోయాడు. ఈయన పడీపడీ నవ్వి, ఆ అబ్బాయికి తన దక్కనీ హిందీలో సంగతి వివరించి, మావైపు తిరిగి, "మా బాపు సర్దార్. నాకు ఊకెనే పేరొచ్చింది. నౌకరీ ఆయనది, పేరు నాది," అన్నారు.

బెల్లంపల్లి బొగ్గు బావుల్లో సర్దార్‌కు తలపాగాతో పనిలేదు, చేతికర్ర ఉంటే చాలు. మిగతావాళ్ల కంటే ముందు పనిచోటికి పోయి, కర్రతో పైకప్పు బండను తట్టి, అది గట్టిగా ఉందా, ఊడిపడేలా ఉందా అని విని చెప్పే ఉద్యోగి ఆయన. గట్టి బండ ఖంగుమంటుంది. వదులైతే డొల్ల పలుకుతుంది. బాగుందని తేలితే అక్కడే సుద్దముక్కతో ఆనాటి తేదీ, తన పొడి అక్షరాలు రాస్తాడు. ఆ సుద్దరాత చూశాకే కూలీలు దాని కిందికి పోయి పని మొదలుపెడతారు.

మా వర్క్‌షాపు హైదరాబాద్ శివార్లలో ఉండేది. మన దేశంలోనే గీసి, మన దేశంలోనే కట్టాలనుకున్న ఒక చిన్న ప్రయాణికుల విమానానికి రెక్క ప్యానెల్స్ కొన్ని మేం చేసేవాళ్లం. నల్లటి కార్బన్ బట్టను పొరలు పొరలుగా పేర్చి, వేడికీ ఒత్తిడికీ పెడితే అది ఇనుమంత గట్టిగా, అట్టపెట్టెంత తేలిగ్గా తయారవుతుంది. పొరల మధ్య ఎక్కడైనా అతుకు పడకపోతే పైకి ఏమీ కనపడదు. దాన్ని పట్టడానికి యంత్రాలున్నాయి. యంత్రం చూశాక కూడా నాణెంతో తట్టి వినే పద్ధతి ఒకటుంది. ఆ తట్టే పని సర్దార్‌ది. తండ్రి నేల కింద బండను తట్టాడు, కొడుకు గాల్లో ఎగిరే రెక్కను తడుతున్నాడు. ఈ మాట నేనొకసారి చాలా గొప్పగా అంటే ఆయన తీసిపారేశారు. "ఏముంది బిడ్డా, రెండిట్ల మనిషి నెత్తిమీద పడకుండ చూసుడే గదా," అన్నారు.

ఆయన నాణెం పాత రూపాయి. అంచులు అరిగి, బొమ్మ చెరిగిపోయి, ఏ దుకాణంలోనూ చెల్లని స్థితికి వచ్చింది. దాంతో ఆయన తట్టని వస్తువు లేదు. పుచ్చకాయను తట్టేవారు. టిఫిన్ డబ్బాను తెరవకముందే తట్టి, "ఇయ్యాల అన్నం తక్కువేసింది మా ఆమె," అనేవారు. మీటింగ్‌లో పెద్దసారు గంటసేపు మాట్లాడుతుంటే బల్ల కింది వైపు మెల్లగా తట్టుకుంటూ కూర్చునేవారు. ఒకసారి ఒక పెళ్లిలో ఫంక్షన్ హాలు స్తంభాన్ని తట్టి, "గీ పక్కకు కూసోకుండ్రి," అని మమ్మల్నందరినీ ప్లేట్లతో సహా లేపి అటు పక్కకు తోలారు. స్తంభం పడలేదు లెండి. చుట్టూ అతికించిన చలువరాయి పలక ఒకటి మాత్రం, భోజనాలు కాకముందే ఊడి కిందపడింది. ఆ సాయంత్రమంతా ఆయన కాలర్ ఎగరేసుకుని తిరిగారు.

ప్యానెల్ తట్టేటప్పుడు మాత్రం వేరే మనిషి. ఫ్యాన్లు ఆపించేవారు. సెల్‌ఫోన్లు బయట పెట్టించేవారు. నన్ను చూసి, "బిడ్డా, గాజులు జర పట్టుకో," అనేవారు. కళ్లు మూసుకుని, అడుగు అడుగూ జరుగుతూ, జొన్నచేలో నడిచినంత నిదానంగా పోయేవారు. ఎక్కడైనా అనుమానం వస్తే ఆ చోటును మైనం పెన్సిల్‌తో చుట్టేసి, ఫారంలో "ఎక్కడ" అన్న గడిలో ఈ అంచు నుంచి ఇంత, ఆ అంచు నుంచి ఇంత అని కొలిచి రాసేవారు. ఫారంలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆయనకు ముద్ద దిగేది కాదు. "గడి పెట్టినోడు పిచ్చోడా? నింపు," అనేవారు.

మైనం పెన్సిల్ వెనక ఒక కథ ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో, అతికించడానికి సిద్ధంగా శుభ్రం చేసిపెట్టిన ప్యానెల్‌ను ఆయన తట్టి చూసి, బాగుందని సంతోషపడి, జేబులోంచి సుద్దముక్క తీసి నట్టనడుమ తేదీ, పొడి అక్షరాలు రాసేశారట, అచ్చం వాళ్ల బాపులాగా. అతికే చోట వేలిముద్ర పడినా పనికిరాదంటారు, అలాంటిది సుద్దపొడి! ప్యానెల్ పోయింది. మెమో వచ్చింది. ఆ మెమోను ఆయన తన అల్మారా తలుపుకు లోపలివైపు అంటించుకుని, కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ చూపించేవారు. "మా బాపు రాస్తే వంద మంది లోపలికి పోయిండ్రు. నేను రాస్తే ప్యానెల్ చెత్తల పోయింది," అని నవ్వేవారు. నాకూ చూపించారు, నేను చేరిన మొదటి రోజునే.

ఆయన్ను నేను ఇష్టపడటానికీ, ఆయనకు భయపడటానికీ ఒకటే కారణం. ఆయన ప్రశ్న. ఎవరేం చెప్పినా అదే అడిగేవారు.

"నువ్వు చూసినవా? చూసినమన్నరా?"

బోల్టులు బిగించాం సార్ అంటే, చూసినవా, చూసినమన్నరా? క్యాంటీన్లో పాలు విరగలేదట అంటే, చూసినవా, చూసినమన్నరా? పెద్దసారు "పై ఆఫీసులో ఫైలు కదిలిందట" అని సంబరంగా చెబితే, ఆయన్ని కూడా అదే అడిగేశారు. మాకు నవ్వాపుకోవడం కష్టమైంది. అయితే మా పనంతా ఆ ప్రశ్న మీదే నిలబడి ఉందని నాకు మెల్లగా అర్థమైంది.

విమానం మొదటిసారి ఎగిరిన రోజు షెడ్డులో టీవీ పెట్టారు. లడ్డూలు పంచారు. మేమంతా చిన్నపిల్లల్లా గంతులేశాం. గేటు ముందు టీ కొట్టు నడిపే అక్క కూడా లోపలికి వచ్చి చూసి, "ఎగిరింది గదా సార్, గిగ జనాలను ఎప్పుడు ఎక్కిచ్చుకుంటరు?" అని సర్దార్‌ను అడిగింది.

"ఎగురుడు వేరే అక్కా, ఎక్కుడు వేరే," అన్నారాయన. "ఇయ్యాల నడిపినోనికి తెలుసు, ఏదన్న అయితే అయితదని. పారాచూట్ కట్టుకొని కూసున్నడు. రేపు టికెట్ కొన్నోనికి ఏం తెలుసు? గాయన చిప్స్ తింటడు, నిద్రపోతడు. ఏం తెల్వనోని తరఫున మనం అన్ని చూడాలె. చూసినమని రాయాలె. రాసింది సర్కారోళ్లకు చూపియ్యాలె. వాళ్లు మళ్ల 'చూసినవా' అని అడుగుతరు."

"ఎన్నొద్దులు వడుతది?" అంది అక్క.

"నీ బిడ్డకు పెండ్లయితది," అన్నారాయన. అక్క బిడ్డ అప్పుడు ఎల్‌కేజీ.

నాకు అప్పుడు ఇదంతా వింతగా ఉండేది. ఎగిరేదాన్ని ఎగరగలదని నిరూపించడానికి ఇన్నేళ్లెందుకు? చూస్తూ పోతే ఆ వింత పెరిగిందేగాని తరగలేదు. రెక్కను విరిగిపోయేదాకా వంచి చూస్తారు, ఎంత బరువుకు విరిగిందో రాసుకోవడానికి. నడుస్తున్న ఇంజన్‌లోకి చచ్చిన కోడిని విసురుతారు, పక్షి దూరితే ఏమవుతుందోనని. ఒక్క స్క్రూ మారిస్తే, అది తగిలే ప్రతిదాన్నీ మళ్లీ నిరూపించాలి. ఇంజన్ ఒక దేశం నుంచి, బట్ట ఇంకో దేశం నుంచి వస్తాయి, అక్కడ ఎవరో ఏదో మారిస్తే ఇక్కడ మా కాగితాలన్నీ మళ్లీ మొదలు. ప్రతి ముక్కకూ పుట్టుక చిట్టా ఉండాలి. ఎక్కడ పుట్టింది, ఎవరు తాకారు, ఎవరు చూశారు. పూర్తయ్యాక విమానం బరువు, దాని కాగితాల బరువు తూకం వేస్తే కాగితాలే మొగ్గుతాయని మేం జోకులేసుకునేవాళ్లం.

మా నాన్నది సిరిసిల్ల. మరమగ్గం కార్మికుడు. సెలవుకు పోయినప్పుడు చిన్న కార్బన్ బట్ట ముక్క తీసుకెళ్లి చూపిస్తే, వేళ్ల మధ్య నలిపి, పడుగూ పేకా లెక్కబెట్టి, "నేత మంచిగున్నది. గీ గుడ్డతోని ఇమానమా? నెత్తి చెడ్డదా మీకు?" అన్నాడు. ఆ మాట సర్దార్‌కు చెబితే ఆయన మురిసిపోయారు. "మీ నాయిన చూసిండు. నేత మంచిగున్నదని చూసి చెప్పిండు. గది గావాలె," అన్నారు.

ఆ బట్ట విషయంలోనే నేను చెడ్డాను.

జిగురు పట్టించిన ఆ బట్ట గడ్డకట్టే చల్లదనంలో ఉండాలి. బయటికి తీసిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది. ఇన్ని గంటలకు మించి బయట ఉంటే అది పనికిరాదు. బట్ట చుట్ట ఎప్పుడు బయటికి వచ్చింది, ఎప్పుడు లోపలికి పోయింది, ఎవరు చూశారు, ఇవన్నీ ఒక లాగ్‌బుక్‌లో రాయాలి. ఆ పుస్తకం నా బాధ్యత. మొదట్లో ఒకసారి తప్పు అంకె రాసి, మీద వైట్‌నర్ పూశాను. సర్దార్ చూసి ఎగిరిపడ్డారు.

"తెల్లరంగు పూస్తే కిందున్నది సచ్చిపోతదా? తప్పు రాస్తే ఒక్కటే గీత గియ్యి. కింద ఏం రాసినవో కనవడాలె. పక్కన నిజం రాయి. ఇయ్యాల్టి తారీఖు, సంతకం. ఎన్నేండ్లకైనా గంతే. తప్పు దిద్దుకునుడుకు గడువు లేదు బిడ్డా, దాసిపెట్టుడుకే ఉంటది."

ఒక సోమవారం పొద్దున నేను వెళ్లేసరికి చుట్ట బల్ల మీద ఉంది. డ్యూటీలో ఉన్నతను, "ఇప్పుడే తీసిన మేడం, పది నిమిషాలు గాలే," అన్నాడు. చల్లపెట్టెలోంచి అప్పుడే తీసిన సంచికి చెమటపోసినట్టు నీళ్లు పడతాయి. నేను సంచి మీద చేయి వేశాను. పొడిగా, గది ఎంత వెచ్చగా ఉందో అంత వెచ్చగా ఉంది. శనివారం ఎవరో లోపల పెట్టడం మరిచారు. అది నా అరచేతికి తెలిసింది.

ఇంకో చుట్ట దేశం బయటి నుంచి రావాలంటే నెలలు. ఆ బట్టతో చేసే ప్యానెల్ రెక్క బరువు పరీక్షకు పోవాలి. సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు వాళ్లు దాన్ని చూడటానికి తేదీ ఇచ్చేశారు. పైగా నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను, ఇంటి దగ్గర నాన్న పనిచేసే మగ్గాలు ఆగి ఉన్నాయి. ఇవన్నీ సాకులే, నాకు తెలుసు. లాగ్‌బుక్‌లో పది నిమిషాల కిందటి సమయం వేసి, "చూశాను" అన్న గడిలో సంతకం పెట్టాను.

ప్యానెల్ తయారైంది. యంత్రం బాగుందంది. సర్దార్ ఫ్యాన్లు ఆపించి, కళ్లు మూసుకుని, ఈ మూల నుంచి ఆ మూలకు తట్టారు. నేను గాజులు పట్టుకుని నిలబడ్డాను. అంతటా ఖంగుఖంగున ఒకటే శబ్దం, నా చెవికే తెలుస్తోంది. ఆయన ముఖం కూడా విప్పారింది. తర్వాత, ఎప్పటిలాగే లాగ్‌బుక్ తెరిచి, ఆ పేజీ మీద వేలుపెట్టి అడిగారు.

"బట్ట బయటికి తీసింది నువ్వు చూసినవా? చూసినమన్నరా?"

"చూసిన సార్," అన్నాను.

ఆయన నా వైపు చూశారు. ఎవరినీ రెండుసార్లు అడగని మనిషి, మళ్లీ అడిగారు.

"చూసినవా బిడ్డా?"

"చూసిన సార్."

ఆయన నాణెం జేబులో వేసుకున్నారు. ఫారం తీసి, రిమార్కుల గడిలో "డొల్ల వినిపించింది. ఒప్పుకోను" అని రాసి, సంతకం పెట్టి వెళ్లిపోయారు. "ఎక్కడ" అన్న గడి ఖాళీగా వదిలేశారు.

పెద్దసారు పరుగెత్తుకొచ్చారు. ఎక్కడ సార్ డొల్ల, చూపించండి అన్నారు. "నాకు ఇనవడ్డది రాసిన," అన్నారు సర్దార్. ఎక్కడని పదిసార్లు అడిగినా ఇంకో మాట లేదు. ఇద్దరు వచ్చి మళ్లీ తట్టారు, ఏమీ లేదు. యంత్రం మళ్లీ పెట్టారు, ఏమీ లేదు. ఆయన మాత్రం సంతకం మార్చలేదు. చివరికి ప్యానెల్‌ను అడ్డంగా నిలువుగా కోసి చూశారు. పొరలన్నీ అద్భుతంగా అతుక్కుని ఉన్నాయి. వాళ్లు వెతికింది డొల్ల కోసం. నేను దాచింది కోస్తే కనపడేది కాదు.

అబ్బ, గండం గడిచింది అనుకున్నాను. సిగ్గులేకుండా రాస్తున్నాను, ఆ రోజు నాకు కలిగింది సంతోషమే. ముసలాయన చెవి పొరపాటు పడింది, చెడ్డ బట్ట చెత్తలోకి పోయింది, నా ఉద్యోగం మిగిలింది.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించలేదు. చెవి పనిచేయని మనిషి తట్టి ఒప్పుకున్న భాగాలను ఎలా నమ్మాలి? ఇదీ ప్రశ్న. ఆయన్ను చెవి డాక్టరు దగ్గరికి పంపారు. వయసుకు తగ్గ లోపం ఉందని ఆ డాక్టరు ఏ ముసలాయనకైనా రాసే ముక్కే రాశాడు. అది చాలింది. ఆయన సంతకం ఉన్న ప్రతి భాగాన్నీ అల్మారాల్లోంచి దించి మళ్లీ తట్టించారు. సర్టిఫికెట్ ఆఫీసు వాళ్ల తేదీ పోయింది, ఇంకో తేదీ రావడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ తట్టుడంతా అయ్యాక ఆయన వదిలేసిన తప్పు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. అదృష్టం అన్నారు. క్యాంటీన్లో ఆయన వెనక నుంచి పిలిచి, తిరిగి చూస్తే "వినపడిందే!" అని నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవారు. నేను ప్లేటులోకి చూసుకునేదాన్ని.

ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. వెళ్లే రోజు గేటు దగ్గర నన్ను ఆపి, "బెల్లంపల్లి దూరమేం గాదు బిడ్డా. రైలు దిగి సర్దార్ కొడుకని ఎవల్నడిగినా ఇల్లు చూపిస్తరు. ఎప్పుడన్న రా," అన్నారు. పోయేవాళ్లందరూ అనే మాటే కదా అనుకున్నాను. తర్వాత నేనూ ఆ ఉద్యోగం మానేసి కరీంనగర్ పాలిటెక్నిక్‌లో చేరాను. విమానం ఇంకా పరీక్షల్లోనే ఉంది. టీ కొట్టు అక్క బిడ్డకు పెళ్లయిందో లేదో తెలియదు.

మేస్త్రీ ఆ టైల్‌ను పెకిలిస్తుంటే నేను పాత నంబరు వెతికి ఫోన్ చేశాను. వెళ్లి చెప్పేద్దామనే చేశాను. ఒక ఆడమనిషి ఎత్తింది.

"ఆయన పోయి ఆర్నెల్లయింది. ఎవలు బిడ్డా?"

నేను పేరు చెప్పాను. "గాజుల పొల్లవా?" అందామె.

ఆ ఆదివారం బస్సెక్కి మంచిర్యాల పోయి, అక్కడి నుంచి బెల్లంపల్లి వెళ్లాను. బావులు ఒక్కొక్కటే మూతపడ్డాక సగం క్వార్టర్లకు తాళాలే. ఎవరిని అడిగినా సర్దార్ కొడుకిల్లు నిజంగానే చూపించారు. గుమ్మం పైనున్న దూలం మీద వరుసగా సుద్దతో తేదీలు, పక్కన పొడి అక్షరాలు. ప్రతి ఏడూ వానలకు ముందు ఇంటి పైకప్పంతా తట్టి రాసేవారట. చివరి తేదీ ఆయన పోయిన ఏటిదే.

ఆయన భార్య నాకు టీ ఇచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. నేను వచ్చిన పని ఎలా మొదలుపెట్టాలో తెలియక, "సార్‌కు చివర్ల చెవులు ఇనవడ్డయా అమ్మా?" అని అడిగాను.

"చెవులకేమైంది? పక్కింట్ల పాలు పొంగుతుంటే ఈడికెల్లి మొత్తుకునేటోడు. నేను గునుసుకునుడు గూడ ఇనకుండ ఇడువకపోయేది."

"మరి ఆ ప్యానెల్..."

"ప్యానెల్ మంచిగనే పలికిందట," అందామె. ఎంత మామూలుగా అందంటే, ఊళ్లో వానలు బాగా పడ్డాయని చెప్పినట్టే. "పొల్లనే డొల్ల పలికింది అన్నడు. 'ఇనవడ్డది ఇనవడ్డట్టే రాసిన, అబద్ధం రాయలే' అన్నడు. 'ఎక్కడ అని అడిగిండ్రు. ఎక్కడో రాస్తె పొల్ల నౌకరీ పోతది. తనే వచ్చి రాసుకుంటది' అన్నడు."

ఏడుపు వచ్చింది. ఆమె ఆపమనలేదు, ఓదార్చలేదు. ఏడవనిచ్చింది.

"వస్తది, వస్తది అనేటోడు," అందామె కాసేపయ్యాక. "నాకు కోపమొచ్చి ఒకనాడు నేనే అడిగిన. వస్తదని నువ్వు చూసినవా, వస్తనన్నదా అని. నవ్విండు."

మర్నాడు హైదరాబాద్ వెళ్లాను. విమానం గాల్లో ఉన్నంతకాలం దాని కాగితం ఒక్కటి కూడా పారేయరు. పాత ఫైలు అలాగే ఉంది. ఇప్పుడు అక్కడ ఇన్‌చార్జిగా ఉన్నాయన మంచివాడు. "ఆ ప్యానెల్ ఎప్పుడో తుక్కయింది కదా మేడం, ఇప్పుడెందుకు మీ మీద వేసుకుంటారు?" అన్నాడు.

"ప్యానెల్ సంగతి కాదు. సార్ చెవి సంగతి," అన్నాను.

లాగ్‌బుక్‌లో ఆ పేజీ తీశాను. నా సంతకం ఎంత కుదురుగా ఉందో! దాని మీద ఒక్కటే గీత గీశాను, కింద రాసింది కనపడేలాగా. పక్కన రాశాను: "చూడలేదు. చూశానన్నాను." రాస్తున్న రోజు తేదీ వేసి సంతకం పెట్టాను. తర్వాత ఆయన ఫారం తీశాను. డొల్ల వినిపించింది, ఒప్పుకోను. "ఎక్కడ" అన్న గడి అలాగే ఖాళీగా ఉంది. గాజులు పట్టుకుని, అందులో రెండు ముక్కలు రాశాను.

"నా మాటలో."